తుప్పలు కొట్టి తోట వేయడం: శ్రీముఖలింగం సీమలో పెరటి చరిత్ర

వంశధార పరీవాహకంలో కొత్త ఇల్లు కట్టుకున్నా, పాడుపడిన పాత ఇల్లు కొనుక్కున్నా, పెరడు బాగుపడేదాకా ఇంటి పని పూర్తయినట్టు లెక్క కాదు. మనుషులు మసలని ఇంటి వెనక రెండు వానాకాలాలు గడిస్తే చాలు, నేల కనబడనంతగా తుప్పలు పెరుగుతాయి. వాటిని కొట్టి, మొదళ్ళు పెళ్ళగించి, గత్తం వేసి, తొలకరికి మళ్ళీ మొక్కలు నాటడం ఈ సీమలో తరతరాలుగా సాగుతున్న పని. ఇందులో మూడు దశలు ఉన్నాయి: నరకడం, ఉంచడం, నాటడం. నరకడానికి ఒంట్లో సత్తువ ఉండాలి, నాటడానికి ఓపిక ఉండాలి. ఏ చెట్టును ఉంచాలో తేల్చుకోవడానికి మాత్రం ఆ నేలతో పరిచయం ఉండాలి. శ్రీముఖలింగం చుట్టుపక్కల ఈ పని ఆనవాళ్ళు స్థలపురాణం నుంచి తుపాను తర్వాతి తోటల దాకా దొరుకుతాయి. వాటిని వరుసగా చూస్తే నరకడానికి ఎంత చరిత్ర ఉందో, ఉంచడానికీ అంతే ఉందని తేలుతుంది.

ఇప్పచెట్టు మొదలు

శ్రీముఖలింగం శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఈ ఊరిలోనివే. వీటిలో పెద్దదైన మధుకేశ్వరాలయం స్థలపురాణం ఒక ఇంటి చెట్టును నరకడం చుట్టూ తిరుగుతుంది. వామదేవ ముని శాపం వల్ల గంధర్వులు శబరులై పుట్టి ఈ అడవిలో కాపురం ఉన్నారట. వారి నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇంటి దగ్గర రెండు పెద్ద కొమ్మలున్న ఇప్పచెట్టు ఒకటి ఉండేది. సవతుల తగువు తీర్చడానికి నాయకుడు చెరో కొమ్మ పంచి, ఎవరి కొమ్మ కింద రాలిన పువ్వులు వారే ఏరుకోవాలన్నాడు. శివభక్తురాలైన భార్య వైపు బంగారు పువ్వులు రాలాయి. రెండో ఆమెకు కన్నుకుట్టింది. గొడవ ముదిరి నాయకుడు చెట్టును నరికితే, మొదట్లోంచి శివుడు వెలిశాడు. గర్భాలయంలో ఉన్న లింగం ఆ ఇప్పమొదలేనని, అది శిలగా మారి ముఖం దాల్చిందని భక్తుల నమ్మకం.

ఈ కథ ఎంత పాతదో చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. తూర్పు గంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడు శక సంవత్సరం 1040లో, అంటే క్రీ.శ. 1118-19లో వేయించిన విశాఖపట్నం తామ్రశాసనం తన వంశక్రమాన్ని చెబుతూ రెండో కామార్ణవుడిని పేర్కొంటుంది. ఆయన రాజధాని నగరం అనే పట్టణమనీ, అక్కడ లింగరూపుడైన శివుడికి ఎత్తైన ఆలయం కట్టించాడనీ, ఇప్పచెట్టు నుంచి పుట్టినందువల్ల ఆ దేవుడికి మధుకేశుడని పేరు పెట్టాడనీ అందులో ఉంది. అంటే పన్నెండో శతాబ్దం నాటికే ఈ ఇప్పమొదలు కథ రాజవంశ చరిత్రలో భాగమైపోయింది.

కథలోని కొమ్మల పంపకం కూడా గాలిలోంచి పుట్టింది కాదు. కొండ ఊళ్ళలో ఇప్ప, చింత, పనస, జీలుగు చెట్లకు కుటుంబాలవారీగా హక్కులు ఉంటాయి. నేల ఉమ్మడిదైనా చెట్టు ఒకరిదే కావచ్చు. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి చివరి జాములో రాలుతుంది. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి కాబట్టి చెట్టు కింద ముందుగానే ఆకులు ఊడ్చి, తుప్ప కొట్టి, నేల శుభ్రం చేస్తారు. పాలిపోయిన లేత పసుపు రంగులో, ముద్దలా మెత్తగా, తీయగా ఉండే ఆ పువ్వును చాపల మీద ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. వండుకుని తింటారు, సారా కాస్తారు. వేసవి చివర్లో పండే కాయల పలుకుల నుంచి ఇప్పనూనె తీస్తారు. ఒకప్పుడు అది వంటకూ, దీపానికీ పనికొచ్చింది. ఇన్ని విధాల ఉపయోగపడే చెట్టు మీద గొడ్డలి వేయడం తప్పుగా చూడటం వింత కాదు.

తామ్రశాసనాల పొలిమేరలు

తూర్పు గంగులు తమ పేరిట ఒక శకాన్ని నడిపారు. అది క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకుంటారు. వారి తొలి శాసనాలు చాలావరకు రాతి మీద కాక రాగిరేకుల మీద ఉన్నాయి. శ్రీముఖలింగానికి దగ్గరలో దొరికిన అచ్యుతాపురం తామ్రశాసనం గంగ శకం 87వ సంవత్సరానిది. కళింగనగరం నుంచి ఇంద్రవర్మ వేయించిన ఆ శాసనం వరాహవర్తని విషయంలోని సిద్ధార్థక గ్రామంలో భూమిని దానం చేసిన సంగతి చెబుతుంది. ఆ దానం ఒక చెరువు ప్రతిష్ఠ సందర్భంలో జరిగింది. నీరు ఏర్పాటయ్యాకే నేలకు విలువ వచ్చేదనడానికి ఇది మంచి ఉదాహరణ. ఇలాంటి దానాల్లో వరాహవర్తని, క్రోష్టుకవర్తని అనే పేర్లు పదేపదే వస్తాయి. అవి వంశధార, నాగావళి మధ్య విస్తరించిన నాటి పాలనా విభాగాలు.

దానం ఇచ్చిన నేలకు హద్దులు చెప్పే భాగం పెరటి చరిత్రకు ముఖ్యం. కళింగ శాసనాల్లో పొలిమేరలను రాళ్ళు, గోతులు, చెరువు గట్లు, చెట్లు, చెట్ల వరుసలు, చీమల పుట్టలతో గుర్తించారు. ఇప్ప, చింత, మర్రి, కానుగ వంటివి దశాబ్దాలు నిలిచే చెట్లు కాబట్టి సాక్షులుగా పనికొచ్చాయి. దానం పుచ్చుకున్నవారు అడవిని నరికి సాగు మొదలుపెట్టినా, హద్దు చెట్టును ముట్టుకోకూడదు. అది పడిపోతే పొలిమేర తగువు లేస్తుంది. ఆ రోజుల్లో పుట్టను తవ్వడం, గట్టు మీది చెట్టును కొట్టడం కేవలం అపచారం కాదు, హద్దు చెరిపిన నేరం కూడా.

శ్రీముఖలింగం ఆలయపు గోడలు, స్తంభాల మీద పదకొండు, పన్నెండు శతాబ్దాల శాసనాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అఖండదీపాల కోసం చేసిన దానాలు. రాజోద్యోగులు, అంతఃపుర స్త్రీలు, వర్తకులు బంగారు మాడలో, పశువులో ఇచ్చి దీపం ఆరకుండా చూసే బాధ్యత ఒప్పగించారు. రోజూ దీపం వెలగాలంటే నూనె, నెయ్యి కావాలి. పూజకు పూలు, నైవేద్యానికి పండ్లు కావాలి. గుడి చుట్టూ పశువుల మేతకూ, తోటలకూ చోటుండాలి. అలా రాజధాని చుట్టూ ఉన్న అడవి ఆలయ అవసరాలకు తగ్గట్టు మారింది.

చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడై ఉత్కళాన్ని జయించిన తర్వాత గంగుల రాజధాని కటకానికి తరలిపోయింది. శ్రీముఖలింగం క్షేత్రంగా మిగిలింది కాని నగరంగా మిగలలేదు. ఊరి చుట్టూ దిబ్బలు లేచాయి, వాటి మీద తుప్పలు పెరిగాయి. శ్రీముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న కాలంలో ఈ శాసనాలను చదివి, గంగుల కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఆనాటి పట్టణం మీదే ఇప్పటి ఇళ్ళు, పొలాలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ నేల తవ్వితే పాత ఇటుకలూ, శిల్పాలూ బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

కొండ మీద పోడు

మైదానంలో రాజులు దానాలిస్తున్న కాలంలోనూ, తర్వాతా, శ్రీముఖలింగానికి ఎగువన ఉన్న కొండల్లో సవరలు తమ పద్ధతిలో అడవిని నరికి సాగు చేశారు. పోడు పని చలికాలం చివర్లో మొదలవుతుంది. వాలు మీద ఒక చెక్కను ఎంచుకుని తుప్పలు, చిన్న చెట్లు కొడతారు. అవి వేసవి ఎండకు ఎండుతాయి. వానలకు ముందు తగలబెడతారు. బూడిద పరుచుకున్న నేలలో మొదటి వానలకు చోళ్ళు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు కలిపి చల్లుతారు. ఒక్కోటి ఒక్కో నెలలో కోతకు వస్తుంది. కొన్నేళ్ళకు నేల సత్తువ తగ్గితే ఆ చెక్కను వదిలి మరో చోటికి వెళ్తారు, పాత చోట అడవి మళ్ళీ లేస్తుంది. వాగుల వెంట మాత్రం రాతి గట్లతో మెట్లు మెట్లుగా మళ్ళు కట్టి వరి పండించారు. కొండ మీద నీటిని నిలపడంలో సవరల నేర్పును పరిశీలకులు చాలాకాలంగా ప్రత్యేకంగా చెబుతున్నారు. వీరి భాష, జీవితం గురించి గిడుగు రామమూర్తి ఎన్నో ఏళ్ళు పనిచేసి, 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథాన్ని వెలువరించారు.

పోడు నరుకుడులో ఉంచే చెట్ల జాబితా ఖచ్చితంగా ఉండేది. ఇప్ప, మామిడి, పనస, చింత, జీలుగు చెట్లను కొట్టరు. నిప్పు అంటకుండా వాటి చుట్టూ ఆకులు లాగేస్తారు. తిండిగింజలు అయిపోయే ఎండాకాలపు నెలల్లో ఇంటిని నిలబెట్టేవి ఈ చెట్లే. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, చేదు పోగొట్టి, ఎండబెట్టి పిండి చేసి అంబలి కాయడం కొండవారికి తెలిసిన పద్ధతి. 1866లో ఒరిస్సాను, గంజాం జిల్లాను కరువు పీడించినప్పుడు ఇలాంటి చెట్ల తిండి విలువ మైదానం ప్రజలకూ తెలిసివచ్చింది.

చెట్టు ఎవరిది?

1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత ఈ ప్రాంతం జమీందారీల కిందికి వచ్చింది. శ్రీముఖలింగం పర్లాకిమిడి జమీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళినా, శ్రీముఖలింగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. శ్రీకాకుళం జిల్లా 1950లో విడిగా ఏర్పడింది.

జమీందారీ కాలంలో బంజరు నేలను సాగులోకి తెచ్చేవారికి మొదటి కొన్నేళ్ళు శిస్తు తగ్గించి కౌలు ఇవ్వడం వాడుకలో ఉండేది. తుప్పలు కొట్టే ఖర్చు, కష్టం రైతువి. నేల దారికొచ్చాక శిస్తు పెరుగుతుంది. పంట సంగతి ఇలా తేలినా, చెట్టు సంగతి తేలలేదు. రైతు నాటిన మామిడి ఎవరిది? తనంత తాను మొలిచిన తాటిచెట్టు ఎవరిది? చాలా జమీల్లో కలప చెట్ల మీద, తాళ్ళ మీద జమీందారు హక్కు చెప్పుకునేవాడు. ఈ తగువుకు 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం 12వ సెక్షన్‌లో సమాధానం ఇచ్చింది. ఆ చట్టం వచ్చాక రైతు తన కమతంలో నాటిన చెట్లనూ, అక్కడ వాటంతటవే మొలిచిన చెట్లనూ అనుభవించడానికి, కొట్టుకోవడానికి పూర్తి హక్కు అతనిదేనని చెప్పింది. అంతకుముందు నుంచి ఉన్న చెట్ల విషయంలో ఆచారం, రాతపూర్వక ఒప్పందం ప్రకారం జమీందారు హక్కులు నిలిచాయి. నాటిన చెట్టు తన పిల్లలకు దక్కుతుందన్న భరోసా లేనిచోట ఎవరూ పనస, మామిడి, కొబ్బరి వంటి నిదానంగా కాపుకొచ్చే చెట్లు నాటరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయి రైత్వారీ పట్టాలు రావడంతో ఆ సందేహం పూర్తిగా తీరింది.

వీధి ఇళ్ళు, పొడవాటి పెరళ్ళు

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్ళు వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనించి వరుసగా ఉంటాయి. ముందు అరుగు, లోపల సావిడి, గది, వంటిల్లు, వెనక పెరడు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. పక్కింటి పెరటికీ దీనికీ మధ్య తాటికమ్మలతోనో, కంపతోనో కట్టిన దడి ఉంటుంది. నుయ్యి కొన్నిచోట్ల రెండిళ్ళకు ఉమ్మడి. ఇంటివారు వలస పోయినప్పుడు మొదట పాడయ్యేది దడి. పశువులు దూరి మొక్కలు తినేస్తాయి. పశువులు ముట్టని ఉమ్మెత్త, జిల్లేడు, వయ్యారిభామ మిగిలి విస్తరిస్తాయి.

ఇలాంటి పెరటిని బాగుచేయడానికి మాఘ, ఫాల్గుణ మాసాలు అనువైనవి. వానల తేమ పూర్తిగా ఆరిపోక గునపం దిగుతుంది, కొట్టిన కొమ్మ వేసవికి ఎండిపోతుంది. ముందుగా గుమ్మం నుంచి నూతి దాకా దారి చేస్తారు. పనికి నీళ్ళు కావాలి, పాము ఎదురైతే వెనక్కి రావడానికి దారీ ఉండాలి. ఆ తర్వాత కత్తితో తుప్పలు, గొడ్డలితో మానులు కొడతారు. మొదళ్ళను గునపంతో చుట్టూ తవ్వి తీస్తారు. తుంగ ఉన్న నేలలో ఇంకో పని మిగులుతుంది. తుంగను కోసినా, కాల్చినా పోదు. భూమిలో గొలుసులా ఉన్న దుంపల నుంచి మళ్ళీ లేస్తుంది. నేలను లోతుగా తిరగేసి, వేసవి ఎండకు దుంపలు ఎండేలా వదిలేస్తారు. ఎండాకాలంలో నీరు దిగినప్పుడు నూతి పూడిక తీసి, ఆ ఒండ్రును పాదులకు వేస్తారు.

నరకకుండా ఉంచేవాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. తాటి కాపుకు రావడానికి పది పన్నెండేళ్ళకు పైగా పడుతుంది కాబట్టి ఎదిగిన తాటిని కొడితే ఒక తరం నష్టపోయినట్టే. పనసకు తల్లివేరు లోతుగా పోతుంది. పెద్ద మొక్కను తవ్వి మరోచోట పెడితే బతకడం కష్టం. దాని లేతకాయ పొట్టుతో ఆవపెట్టి చేసే కూర లేనిదే ఈ సీమలో పెళ్ళి భోజనం నిండుగా అనిపించదు. కరివేపాకు చెట్టు ముదిరినా వేళ్ళ నుంచి పిలకలు వేస్తుంది, వాటిని ఉంచి మానును కొడితే చాలు. చింత కింద ఏమీ సరిగా ఎదగదు. అందుకని దాన్ని ఇంటి దగ్గర నాటరు, కానీ పెరటి చివర ఉన్న చింతను కొట్టరు. పుట్ట ఉంటే దాని చుట్టూ శుభ్రం చేస్తారు తప్ప తవ్వరు. కార్తీకమాసంలో నాగులచవితి నాడు పాలు పోసేది అక్కడే.

నాటే వరుస కాలాన్ని బట్టి సాగుతుంది. రోహిణి కార్తెలో గోతులు తవ్వి ఎండనిస్తారు. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు ఆనప, బీర, గుమ్మడి పాదులు పెట్టి, దడి మీదికో పందిరి మీదికో పాకిస్తారు. ఆనపతీగ ఇంటి కప్పు మీద పాకడం పూరిళ్ళ కాలంలో సర్వసాధారణం. తోటకూర, గోంగూర, బెండ రెండు నెలలు తిరక్కుండా వంటింట్లోకి వస్తాయి. గిన్నెలు తోమిన నీళ్ళు పోయేచోట అరటి పిలకలు పెడతారు. ములగ కొమ్మ విరిచి పాతితే చాలు. మల్లె, నందివర్ధనం, మందారం వీధి వైపు కంటే నూతి దగ్గరే ఎక్కువ కనబడతాయి. పూజకు పూలు కోసేది స్నానం చేశాకే. తులసికోట మాత్రం గృహప్రవేశం నాటికే పెరటి గుమ్మానికి ఎదురుగా సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ మొదటి ఏడాది పనులు. కొబ్బరి, మామిడి, పనస నాటడం వాటితో పాటే మొదలైనా, ఫలం ఆరేడేళ్ళకు గాని తేలదు.

బయటి నుంచి వచ్చినవి

నేటి పెరట్లో కనిపించే మొక్కల్లో చాలా వాటికి ఈ దేశంలో ఐదు వందల ఏళ్ళకు మించి చరిత్ర లేదు. మిరప, జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిమామిడి పోర్చుగీసు వర్తకుల కాలంలో అమెరికా ఖండం నుంచి వచ్చాయి. జీడిమామిడిని మొదట ఇసుక నేలలు కొట్టుకుపోకుండా నాటినట్టు చెబుతారు. ఇరవయ్యో శతాబ్దంలో పప్పుకు విదేశీ గిరాకీ పెరిగాక అది డబ్బు పంటగా మారి, పలాస పట్టణం జీడిపప్పు పరిశ్రమకు పేరుపడింది. సముద్రతీరపు ఇసుకలో సరుగుడు తోటలు వంటచెరకు కోసం లేచాయి.

తుప్పల్లోనూ కొత్తవి చేరాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అలంకార మొక్కగా కలకత్తా తోటల్లోకి వచ్చిన లంటానా అడవుల అంచులను కప్పేసింది. 1950లలో పూనా ప్రాంతంలో మొదట గుర్తించిన వయ్యారిభామ ఇప్పుడు ఖాళీ జాగా ఉన్న ప్రతిచోటా ఉంది. దాన్ని చేతులతో పీకేవారికి దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని పీకాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, కాబట్టి ఒక ఏడాది అశ్రద్ధ చేస్తే తర్వాత చాలా ఏళ్ళు పని పెరుగుతుంది. పాతకాలపు పెరటి శుభ్రానికీ నేటిదానికీ పెద్ద తేడా ఇక్కడే వచ్చింది. పూర్వపు తుప్పల్లో చాలావరకు మందుకో, మేతకో, దడికో అక్కరకొచ్చేవి. కొత్తవి తెచ్చిపెట్టేది పనే.

ఉద్దానం: పడిన తోటను మళ్ళీ వేయడం

శ్రీముఖలింగానికి ఈశాన్యంగా, సముద్రం వెంట ఉన్న ఉద్దానంలో పెరడే ఊరంతటికీ పరుచుకున్నట్టు ఉంటుంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి కలిసి పెరుగుతాయి. ఇళ్ళు తోటల మధ్యే ఉంటాయి. పెద్ద చెట్ల నీడలో కంద, పసుపు, అనాస, అరటి అంతరపంటలుగా వస్తాయి. ఇలా అంతస్తులుగా నాటడం వల్ల తక్కువ నేల మీద ఎక్కువ కుటుంబాలు బతికాయి.

2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన పైలిన్ తుపాను, ఆ తర్వాత ఐదేళ్ళకు వచ్చిన తిత్లీ తుపాను ఈ తోటలను దెబ్బతీశాయి. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు దగ్గరలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి, ఉధృతి 165 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో విరిగిపడ్డాయి. జీడిమామిడి, పనస వేళ్ళతో సహా లేచిపోయాయి. వంశధారకు వరద వచ్చి నది వెంట పొలాలూ మునిగాయి. ఒక్క రాత్రిలో ఎన్నో కుటుంబాలు తుప్పలు నిండిన కొత్త నేల కొన్నవారి స్థితికి వచ్చాయి, కాకపోతే ఆ నేల వారి సొంతదే, పడిన చెట్లు తాతలు నాటినవి.

పడిన తోటను తీయడం పెరటి తుప్ప కొట్టడం కంటే కష్టం. కొబ్బరి మానుకు కలపగా పెద్ద ధర పలకదు, తొలగించే కూలి దానికంటే ఎక్కువ. అలాగని అక్కడే వదిలేయకూడదు. కుళ్ళే కొబ్బరి మానుల్లో, పెంటకుప్పల్లో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. దాని లద్దెపురుగులు అందులోనే ఎదిగి, పెద్ద పురుగులై, మిగిలిన చెట్ల మొవ్వులోకి తొలుచుకుపోతాయి. దెబ్బతిన్న మొవ్వు, గాయపడిన మాను వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. కాబట్టి మానులను కోసి తోట బయటికి చేర్చడం, లేదా కాల్చడం, బతికిన చెట్లను కాపాడుకునే పని కూడా. రంపపు యంత్రాలు, పొక్లెయిన్లు వచ్చాయి కాబట్టి నెలల పని వారాల్లో అయింది. పరిహారం మొదట కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయలుగా ఉండగా, తర్వాతి ప్రభుత్వం దాన్ని 3,000 చేసింది. జీడిమామిడికి హెక్టారుకు 30,000 నుంచి 50,000కు పెంచింది.

కొత్త కొబ్బరి నాటడంలో లెక్క స్థిరపడింది. చెట్టుకు చెట్టుకు మధ్య ఎనిమిది మీటర్లు ఎడం ఉండాలి. ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గొయ్యి తవ్వి, పైమట్టి, గత్తం, ఇసుక కలిపి సగం దాకా నింపుతారు. కొందరు అడుగున ఉప్పు వేస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసున్న, మెడ లావుగా, ఆకు త్వరగా చీలిన మొక్కను ఎంచి, కాయ మట్టిలో కూరుకునేలా, మొవ్వులోకి మట్టి పోకుండా నాటుతారు. మొక్క చుట్టూ మట్టిని అదిమి తొక్కి, తాటాకుతో నీడ కడతారు. వాన నిలిచే నేలైతే గొయ్యి చుట్టూ గట్టు కడతారు. పొడవు రకాలు కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు, పొట్టి రకాలైతే మూడు నాలుగేళ్ళు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం తూర్పుతీరపు పొడవు రకాన్ని గంగాబొండంతో సంకరం చేసి గోదావరి గంగ అనే రకాన్ని ఇచ్చింది. జీడిమామిడిలో బాపట్ల కేంద్రం విడుదల చేసిన బీపీపీ-8 వంటి రకాలను అంటుమొక్కలుగా నాటుతున్నారు. పాత గింజ మొక్కల కంటే ఇవి ముందే కాస్తాయి.

కాపు వచ్చేదాకా కుటుంబాన్ని నిలబెట్టేది అంతరపంటే. ఖాళీ అయిన వరుసల్లో అరటి, కంద, అనాస, అపరాలు వేశారు. ఈలోగా మరో ఇబ్బంది ఎదురైంది. 2016లో దేశంలో మొదటిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొన్నేళ్ళలోనే ఆంధ్ర కొబ్బరి తోటల్లోకి వ్యాపించింది. ఆకు అడుగున చుట్లుచుట్లుగా తెల్లటి మైనం పూసి రసం పీలుస్తుంది, కింది ఆకుల మీద నల్లటి మసి పట్టిస్తుంది. రసాయన మందులు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు చస్తాయి కాబట్టి, ఎన్‌కార్సియా అనే పరాన్నజీవినీ, పురుగును చంపే శిలీంధ్రాన్నీ వాడమని శాస్త్రవేత్తలు సూచించారు.

జలాశయం కింద పోయిన పెరళ్ళు

శ్రీముఖలింగానికి ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. వంశధార ప్రాజెక్టు రెండో దశలో హిరమండలం జలాశయం కోసం ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీలకు వచ్చినవారికి ఇంటి జాగా దొరికింది. పాత ఊరి పొడవాటి పెరడు మాత్రం కొత్త ప్లాటులో పట్టలేదు. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ చెట్లకు విలువ కట్టడానికి ఉద్యాన నిపుణుల సహాయం తీసుకోవచ్చంటుంది. చట్టం లెక్క ప్రకారం ఎదిగిన పనసకు ఒక ధర వస్తుంది. ఆ ధరకు ఎదిగిన పనస ఎక్కడా దొరకదు, మొక్కే దొరుకుతుంది. అందుకే కాలనీ పెరళ్ళలో మొదట లేచినవి త్వరగా పెరిగే ములగ, బొప్పాయి, అరటి, జామ. కడియం నర్సరీల నుంచి వచ్చే అంటుమామిడి, పొట్టి కొబ్బరి వాటి వెనక చేరుతున్నాయి.

కొండల్లోనూ ఇదే కాలంలో మార్పు వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు పొందిన పోడు భూముల్లో, సీతంపేట ప్రాంతంలో ముఖ్యంగా, జీడిమామిడి, అనాస, పసుపు పెరిగాయి. నేలను వదిలి మరో చోటికి వెళ్ళే పద్ధతి తగ్గి, ఒకే చెక్కలో ఏళ్ళ తరబడి నిలిచే చెట్లు వచ్చాయి. చిరుధాన్యాల పొలం తోటగా మారినచోట కూడా ఇప్పనూ, చింతనూ కొట్టకుండా వదిలేయడం చాలాచోట్ల కొనసాగుతోంది.

తామ్రశాసనాల కాలం నుంచి తిత్లీ దాకా ఈ సీమలో తోట వేసే పని సారం ఒకటే. నేలను ఖాళీ చేయడం ఒక వేసవిలో అయిపోతుంది, తోట ఎదగడానికి ఒక తరం పడుతుంది. ఈ రెంటి మధ్యా ఇంటిని పోషించేది ఉంచిన పాత చెట్టూ, త్వరగా కాసే తీగా. తుపాను ప్రాంతంలో అన్నీ ఒకే రకం, ఒకే వయసు చెట్లు ఉన్న తోటలో నష్టం ఒక్కసారిగా వస్తుంది. తాటి, పనస, కొబ్బరి, అరటి, దుంపలు కలిసిన తోటలో ఏదో ఒకటి మిగులుతుంది. ఉద్దానంలో కొబ్బరి మధ్య అంతరపంటలు, వేర్వేరు రకాల చెట్లు వేయమని ఇస్తున్న సలహా పాత పెరళ్ళలోని అలవాటుకు దగ్గరగానే ఉంది.